డి విటమిన్ పెంచితే టీబీ త్వరగా తగ్గుతుందా? ఇంట్లో మిగతావాళ్లకు రాకుండా ఆపుతుందా?

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మగారికి 52 ఏళ్లు, బరువు 38 కిలోలు. మూడు వారాల క్రితం ఊపిరితిత్తుల టీబీ అని తేలి ప్రభుత్వ మందులు మొదలుపెట్టారు. బయట చేయించిన రక్తపరీక్షలో డి విటమిన్ 8 నానోగ్రాములు వచ్చింది. అది తగ్గడం వల్లే టీబీ వచ్చిందనీ, బాగా పెంచితే సగం రోజుల్లో జబ్బు పోతుందనీ మీ బంధువు ఒకరు చెప్పారు. వారానికి ఒక పొడి ప్యాకెట్ చాలా, రెండు వేయాలా? మీరూ మీ ఇద్దరు పిల్లలూ కూడా వాడితే టీబీ సోకకుండా ఉంటుందా? పొద్దున్నే ఎండలో కూర్చోబెడితే సరిపోతుందా?

సూటిగా చెబుతున్నాను. డి విటమిన్ టీబీకి మందు కాదు, టీకా కూడా కాదు. మీ అమ్మగారికి 8 అనేది నిజంగా తక్కువే. ఎముకల కోసం, కండరాల బలం కోసం దాన్ని సరిచేయాలి. వారానికి ఒకటి చాలు, రెండు వద్దు. అది వేసినా వేయకపోయినా టీబీ బిళ్లలు పూర్తి కాలం వాడాల్సిందే, ఒక్క రోజు కూడా తగ్గదు. పిల్లలకు కావలసింది డి విటమిన్ పొడి కాదు, టీబీ పరీక్ష. దాని గురించి చివర్లో రాస్తాను, తప్పకుండా చదవండి.

ఇరవై నాలుగేళ్లుగా ఛాతీ వ్యాధుల వైద్యంలో ఉన్నాను. మీ బంధువు చెప్పిన మాట గాలిలోంచి పుట్టింది కాదు కాబట్టి దాన్ని కొట్టిపారేయను. దాని వెనక అందమైన శాస్త్రం ఉంది. నేనూ కొన్నేళ్లపాటు దాన్ని నమ్మి ప్రతి టీబీ రోగికీ డి విటమిన్ రాశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే ముందు ఆ శాస్త్రం చెప్పాలి.

టీబీ క్రిమి ఊపిరితిత్తుల్లోకి చేరగానే మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు దాన్ని మింగేస్తాయి. మామూలు క్రిమి అయితే కణం లోపలి సంచిలో అరిగిపోతుంది. టీబీ క్రిమి మాత్రం ఆ సంచిలో జీర్ణరసాలు కలవకుండా అడ్డుకుని, తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. ఇక్కడే డి విటమిన్ పాత్ర మొదలవుతుంది. క్రిమిని గుర్తించిన మాక్రోఫేజ్, రక్తంలో తిరుగుతున్న డి విటమిన్‌ను లోపలికి తీసుకుని, దాన్ని పనిచేసే రూపంలోకి తానే మార్చుకుంటుంది. మామూలుగా ఈ మార్పిడి జరిగేది మూత్రపిండాల్లో. అలా తయారైన విటమిన్ కణంలోని జన్యువులను తట్టి, కాథెలిసిడిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. అది క్రిమి పొరను చిల్లులు పొడవగలదు. 2006లో వెలువడిన ప్రయోగాల్లో ఇదంతా మనిషి కణాల్లో స్పష్టంగా చూపించారు. డి విటమిన్ తక్కువ ఉన్న రక్తరసంలో పెంచిన కణాలు ఆ ప్రోటీన్‌ను సరిగా తయారుచేయలేదు. అదే రక్తరసానికి విటమిన్ కలిపితే తయారుచేశాయి.

దీనికి తోడు పాత చరిత్ర ఉండనే ఉంది. చర్మపు టీబీకి కాంతితో చికిత్స చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. మందులు లేని రోజుల్లో డి విటమిన్ ఉండే కాడ్ చేప కాలేయపు నూనె తాగించేవారు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం, అంటే టీబీ రోగులను ఉంచే ఆసుపత్రి, 1910ల్లో వెలిసింది కూడా మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి, తిండి అనే నమ్మకం మీదే. 2000లో పశ్చిమ లండన్‌లోని గుజరాతీల మీద చేసిన అధ్యయనంలో, డి విటమిన్ బాగా తక్కువ ఉన్నవారిలో టీబీ ఎక్కువగా కనిపించింది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది: విటమిన్ నింపితే జబ్బు ఆగుతుంది కదా అని.

నాకూ అలాగే అనిపించింది. అప్పట్లో నా దగ్గరకు ఒక చేనేత కార్మికుడు వచ్చేవాడు. గుంట మగ్గం ఉన్న గది, ఒకటే కిటికీ, దానికీ దుమ్ము రాకుండా గోనె పట్టా. పొద్దుననగా దిగితే చీకటి పడ్డాకే పైకి. రెండు ఊపిరితిత్తుల్లోనూ టీబీ, డి విటమిన్ 6. టీబీ బిళ్లలతోపాటు డి విటమిన్ ఇచ్చాను. రెండో నెలకే తెమడ పరీక్షలో క్రిమి కనబడలేదు. నాలుగు కిలోలు పెరిగాడు. ఇదంతా విటమిన్ మహిమే అనుకున్నాను. తర్వాత నా పాత కార్డులు తీసి చూసుకుంటే, విటమిన్ ఇవ్వని రోగుల్లోనూ ఎక్కువమందికి రెండో నెల చివరికి తెమడ శుభ్రపడే ఉంది. అతనికి నేను చేసిన మరో పని మాత్రం అప్పట్లో నాకు గుర్తు రాలేదు. వైద్యం ముగిసేదాకా మగ్గం దిగవద్దని చెప్పి, వాళ్ల అన్నగారితో మాట్లాడి ఇంటికి బియ్యం, పప్పు పంపించే ఏర్పాటు చేయించాను.

ఒక్క వైద్యుడి కార్డులతో తేలే విషయం కాదు ఇది. పెద్ద ప్రయోగాలు తేల్చాయి. 2011లో లండన్‌లో 146 మంది రోగులకు టీబీ మందులతోపాటు కొందరికి డి విటమిన్ పెద్ద మోతాదులు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. తెమడలో క్రిమి పెరగడం ఆగడానికి విటమిన్ తీసుకున్నవారికి 36 రోజులు, మిగతావారికి 43.5 రోజులు పట్టింది. ఆశ పుట్టించే తేడానే, కానీ యాదృచ్ఛికం కాదని చెప్పగలిగేంత గట్టిది కాదు. తర్వాత మన దక్షిణ భారతంలోనే 247 మంది మీద చేశారు, 2015లో ఫలితాలు వచ్చాయి. ఒక్కొక్కరికి లక్ష యూనిట్ల చొప్పున నాలుగు మోతాదులు. తేడా లేదు. మన తిండి, మన ఎండ, మన ఒంటితీరు ఉన్న మనుషుల మీద వచ్చిన ఫలితం కాబట్టి నా వైద్యానికి దీన్నే ముందు పెట్టుకుంటాను.

ఇక మీ రెండో ప్రశ్న, ముందుగా వాడితే సోకకుండా ఆపుతుందా అన్నది. దీనికి మంగోలియా పిల్లల మీద జరిగినంత చక్కటి ప్రయోగం మరొకటి చూడలేదు. అక్కడ చలికాలం చాలా పొడుగు, టీబీ ఎక్కువ, డి విటమిన్ లోటు దాదాపు ప్రతి బిడ్డకూ ఉంది. ప్రయోగంలో చేరిన 8,851 మంది బడిపిల్లల్లో 95 శాతానికి పైగా 20 నానోగ్రాముల లోపే. విటమిన్ పనిచేసేదైతే అక్కడ కనబడి తీరాలి. వారానికి 14,000 యూనిట్ల చొప్పున మూడేళ్లు ఇచ్చారు. రక్తంలో విటమిన్ చక్కగా పెరిగింది. టీబీ సోకడం మాత్రం విటమిన్ తీసుకున్నవారిలో 3.6 శాతం, తీసుకోనివారిలో 3.3 శాతం. జబ్బుగా బయటపడినవారు వరసగా 21 మంది, 25 మంది. 2020లో ఆ ఫలితాలు చదివిన రోజు నుంచి, టీబీ నివారణకని ఎవరికీ డి విటమిన్ రాయలేదు.

మరి కణంలో కనిపించింది మనిషిలో ఎందుకు కనిపించలేదు? నాకు అర్థమైనంతలో కారణాలు మూడు.

డి విటమిన్ తగ్గడం చాలాసార్లు టీబీకి కారణం కాదు, టీబీతోపాటు నడిచే సంగతి. చీకటి గదిలో పని, అరకొర తిండి, ఇంట్లోంచి కదలలేని నీరసం: ఇవి విటమిన్‌నూ తగ్గిస్తాయి, టీబీకీ దారి ఇస్తాయి. పైగా టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ కాలేయంలో డి విటమిన్‌ను త్వరగా కరిగించేస్తుంది. అందుకే మందులు మొదలయ్యాక చేసిన పరీక్షలో అంకె ఇంకా కిందికి రావచ్చు. మీ అమ్మగారి పరీక్ష మూడు వారాల మందుల తర్వాత చేశారా, ముందు చేశారా అన్నది కూడా చూడండి.

రెండోది, మందుల బలం. టీబీ మందులు మొదటి కొద్ది రోజుల్లోనే క్రిములను భారీగా చంపుతాయి. అంత జోరుగా నడిచే పనికి చిన్న చేయి కలిపితే తేడా కనబడే జాగా మిగలదు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మాక్రోఫేజ్ ఒంటరిగా పోరాడదు. టి కణాలనే మరో రకం రక్షక కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం పంపితేనే అది పూర్తి బలంతో క్రిమి మీద పడుతుంది, ఆ దాడిలోనే డి విటమిన్ అవసరపడేది. తిండి చాలని శరీరంలో ఆ టి కణాలే చిక్కిపోయి ఉంటాయి. సంకేతం పంపేవారే నీరసించిపోతే, మాక్రోఫేజ్ ముంగిట విటమిన్ రాశి పోసినా ఉపయోగం ఏముంటుంది? 38 కిలోల మనిషి రక్తనివేదికలో నా కన్ను 8 అనే అంకె మీద ఆగదు. 38 అనే అంకె మీద ఆగుతుంది.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో ఉండే 10,345 మందిని చేర్చుకుని ఒక ప్రయోగం చేశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. రోగులందరికీ నెలనెలా 10 కిలోల ఆహారం సంచి ఇచ్చారు. సగం ఇళ్లలో రోగికే కాక కుటుంబంలోని పెద్దలు ఒక్కొక్కరికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు, చిన్నపిల్లలకు అందులో సగం ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. విటమిన్ మాత్రలు ఒంటరిగా ఈ పని చేయలేదు, బియ్యం పప్పులతో కలిసి వెళ్లాయి. ఇంకో సంగతి: మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో చావు ముప్పు బాగా తక్కువగా ఉంది. మీ అమ్మగారికి 5 శాతం అంటే దాదాపు 2 కిలోలు. రెండు నెలల్లో 40 కిలోలు: మీరు వెంటపడాల్సిన అంకె ఇది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే నా మాటను తప్పుగా తీసుకుంటారు. తిండి కూడా మందుకు బదులు కాదు. 1950ల చివర మద్రాసులో జరిపిన ప్రసిద్ధ అధ్యయనంలో కొందరు రోగులను శానిటోరియంలో మంచి భోజనం, విశ్రాంతితో ఉంచారు, మరికొందరిని వాళ్ల పేద ఇళ్లలోనే ఉంచారు, మందులు మాత్రం రెండు గుంపులకూ అవే ఇచ్చారు. శానిటోరియం వాళ్లు ఎక్కువ బరువు పెరిగారు గానీ, ఏడాది తర్వాత జబ్బు తగ్గిన తీరు ఇద్దరిలోనూ దాదాపు ఒకటే. క్రిమిని చంపేది బిళ్లే. ప్రాణం మీదికి రాకుండా కాసేది, పక్కవారికి జబ్బు ముదరకుండా ఆపేది తిండి.

ఇప్పుడు మీరు అడిగిన మోతాదు. సాధారణంగా 60,000 యూనిట్ల ప్యాకెట్ వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, ఆ తర్వాత మీ వైద్యుడు చెప్పినట్టు నెలకొకటి. పాలతోగానీ, భోజనం చేశాకగానీ వేయండి, కొవ్వు ఉంటేనే అది ఒంటికి పడుతుంది. మొదలుపెట్టేముందు రక్తంలో కాల్షియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకసారి చూపించండి.

ఎందుకు చూపించమంటున్నానంటే, టీబీ గడ్డల్లోని మాక్రోఫేజ్‌లు డి విటమిన్‌ను పనిచేసే రూపంలోకి మార్చుకుంటాయని పైన రాశాను కదా. మూత్రపిండాలకైతే ఎక్కడ ఆపాలో తెలుసు. ఈ కణాలకు ఆ అదుపు లేదు. అందుకే కొందరు టీబీ రోగుల్లో విటమిన్ వేయకముందే కాల్షియం ఎక్కువగా ఉంటుంది. వారికి పెద్ద మోతాదు ఇస్తే ప్రమాదం.

ఒక రిటైర్డు మాస్టారి సంగతి చెబుతాను. మందులు మొదలైన రెండో నెలలో ఆయన్ను కుర్చీలో మోసుకొచ్చారు. నాలుక పిడచ కట్టుకుపోయి ఉంది. వారం రోజులుగా మలబద్ధకం, వాంతులు, గంటకోసారి మూత్రం. కొడుకుని చూసి తమ్ముడి పేరుతో పిలుస్తున్నారు. టీబీ బిళ్లలు కాలేయాన్ని పాడుచేశాయని అప్పటికే వేరేచోట వాటిని ఆపించారు. కాలేయ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. కాల్షియం చూస్తే 14 దాటింది, ఉండాల్సింది 10 దగ్గర. ఏమేమి వాడుతున్నారని అడిగితే ఆయన భార్య చీర కొంగులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద గుమ్మరించారు. అన్నీ చింపిన డి విటమిన్ ప్యాకెట్లే, లెక్కపెడితే ముప్పై ఎనిమిది. వారానికొకటి అని చీటీలో రాసినదాన్ని మందుల షాపులో రోజుకొకటి అని చెప్పారట. బలానికని కాల్షియం బిళ్లలు కూడా జోడించారు. సెలైన్లు, స్టెరాయిడ్లతో పది రోజుల్లో మనిషి తెప్పరిల్లారు. కానీ టీబీ మందులు మూడు వారాలు ఆగిపోయాయి, వాటిని మళ్లీ గాడిలో పెట్టడానికి మేమంతా చాలా అవస్థ పడ్డాం. ఆ ప్లాస్టిక్ సంచి చూసినప్పటి నుంచి నేను డి విటమిన్ రాసిన ప్రతిసారీ ఏ వారం, ఏ రోజో చీటీ మీద నా చేత్తో రాసిస్తాను. మీరూ క్యాలెండర్‌లో ఒక వారం పేరు ఎంచుకుని గుర్తు పెట్టుకోండి. వేస్తూ ఉండగా విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు, మతిమరుపు కనిపిస్తే ప్యాకెట్ ఆపి వెంటనే కాల్షియం పరీక్ష చేయించండి. టీబీ బిళ్లలను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

టీబీ వైద్యంలో నిజంగా పట్టించుకోవాల్సిన విటమిన్ ఏది అని నన్ను అడిగితే, బి6 అంటాను. ఐసోనియజిడ్ అనే మందు దాన్ని ఒంట్లోంచి తగ్గిస్తుంది. అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు వస్తే అదే కారణం కావచ్చు. చిక్కిపోయినవారికి, షుగరు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. చిన్న బిళ్ల, చాలా తక్కువ ఖరీదు. మీ అమ్మగారికి ఇస్తున్నారో లేదో కనుక్కోండి. షుగరు పరీక్ష చేయించకపోతే అది కూడా చేయించండి.

ఎండ సంగతి. పొద్దున్న ఏడింటి లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ, డి విటమిన్ తయారుచేసే కిరణాలు అప్పుడు చాలా తక్కువ. తిరుపతిలో చేసిన అధ్యయనాల్లో 11 నుంచి 2 గంటల మధ్య ఎండలోనే చర్మంలో విటమిన్ బాగా తయారవుతుందని తేలింది. సులువైన కొలత: మనిషి నీడ మనిషికన్నా పొట్టిగా ఉన్న వేళ. చేతులు, ముఖం, పాదాలు తగిలేలా పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, ఆ కిరణాలు అద్దం దాటవు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం 38 కిలోల నీరసపు మనిషిని మిట్టమధ్యాహ్నం బయట కూర్చోబెట్టకండి, వడదెబ్బ కొడుతుంది. అప్పుడు ప్యాకెట్‌తో సరిపెట్టుకోవచ్చు. ఎండ వల్ల మీ ఇంటికి మరో మేలు ఉంది. అమ్మగారి గది తలుపులు, కిటికీలు తెరిచి వెలుతురూ గాలీ ఆడనిస్తే గాలిలో తేలే క్రిములు పలచబడిపోతాయి, ఎండ తగిలినవి చస్తాయి. పిల్లలను కాపాడే ఎండ అది.

తిండి దగ్గర ఒక మాట కటువుగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో అమ్మగారు ఎప్పుడు తింటారు? నేను చూసిన ఇళ్లలో చాలావరకు ఆడవాళ్లు అందరికీ వడ్డించాక, గిన్నె అడుగున మిగిలినది చారు కలుపుకుని తింటారు. గుడ్డు మగపిల్లాడి కంచంలో ఉంటుంది. టీబీ వచ్చాక కూడా అదే వరస. ఒకామె నెలనెలా బరువు పెరగడం లేదని వాళ్లింటికి వెళ్లి భోజనం వేళ దాకా కూర్చున్నాను. ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో కొన్న గుడ్లు మనవలకు ఉడకబెట్టి పెట్టి, పెంకులు మాత్రం నాకు చూపించడానికి దాచి ఉంచింది ఆ తల్లి. ఆ వేళ నాకు నోట మాట రాలేదు. మీ అమ్మగారి కంచం ముందు వడ్డించండి. రోజుకు రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, గుప్పెడు వేరుశెనగపప్పు, తినేవారైతే చిన్న చేపలు. పాలు, నూనె కొనేటప్పుడు '+ఎఫ్' గుర్తు ఉన్నవి కొనండి, వాటిలో ఎ, డి విటమిన్లు కలిపి ఉంటాయి. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి (2024 అక్టోబరు దాకా 500 ఉండేది). బ్యాంకు ఖాతా వివరాలు నమోదయ్యాయో లేదో మీ ఆరోగ్య కార్యకర్తను అడగండి. ఇంకొకటి, టీబీ బిళ్లల లెక్క బరువును బట్టే ఉంటుంది. 35 నుంచి 49 కిలోలకు రోజుకు మూడు. ఆమె 50 దాటితే లెక్క మారుతుంది కాబట్టి నెలనెలా తూకం తప్పనిసరి.

పిల్లల విషయం. వారిద్దరినీ ఈ వారంలోనే టీబీ కేంద్రానికి తీసుకెళ్లండి, మీరు కూడా చూపించుకోండి. దగ్గు, జ్వరం, బరువు పెరగకపోవడం ఉన్నాయా అని అడుగుతారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. జబ్బు లేదని తేలితే నివారణ మందు ఇస్తారు. అయిదేళ్ల లోపు బిడ్డ ఉంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు, ఆ వయసులో టీబీ సోకితే మెదడుకు, ఒళ్లంతటికీ పాకే ముప్పు ఎక్కువ. ఐసోనియజిడ్ రోజూ ఆరు నెలలు ఇవ్వవచ్చు, కాస్త పెద్ద పిల్లలకు వారానికోసారి పన్నెండు వారాలు వేసే పద్ధతి కూడా ఉంది. ఏది అన్నది వయసు, బరువు చూసి అక్కడే నిర్ణయిస్తారు. ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డకు మందెందుకని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. వారికి చెప్పండి, డి విటమిన్ పొడి నుంచి మీరు ఆశించిన రక్షణ నిజంగా ఇచ్చేది ఈ మందే అని.

పిల్లల వయసులు, అమ్మగారి కాల్షియం అంకె, షుగరు అంకె ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.